ఆస్పత్రి కమిటీలో మన కుర్చీ ఏదీ?

సర్కారు ఆస్పత్రి అనగానే మనవాళ్లు రెండే ప్రశ్నలు అడుగుతారు. డాక్టర్ ఉన్నాడా? మందులున్నాయా? మూడో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. ఆ ఆస్పత్రికొచ్చిన డబ్బు ఎవరు ఖర్చు పెడుతున్నారు, దేనికి పెడుతున్నారు? జి.కొండూరైనా, నందిగామైనా, జగ్గయ్యపేటైనా ఇదే తంతు. జనానికి పట్టదని పాలకులంటారు. అడిగే చోటు మూసేసి ఈ మాట అనడం ఎంత తేలిక!

కాగితం మీద మనకేమీ తక్కువ చేయలేదు. 1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల్లో ఆస్పత్రులను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను, పారిశుద్ధ్యాన్ని చేర్చింది. 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. ఊరూరా ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీ వేయాలన్నారు. దానికి ఏడాదికి 10 వేలన్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రోగి కల్యాణ సమితి అన్నారు, దానికో లక్ష. మన దగ్గర దాన్నే ఆస్పత్రి అభివృద్ధి కమిటీ అంటున్నాం. అందులో మీ ఊరివాళ్లు ఎవరున్నారో చెప్పగలరా? చివరిసారి ఎప్పుడు కూర్చున్నారో తెలుసా? 2018 ఆగస్టు నుంచి 2021 ఎన్నికల దాకా మన పంచాయతీల్లో సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారులే దిక్కు. సర్పంచే లేని ఊళ్లో సర్పంచ్ కూర్చోవాల్సిన కమిటీ సంగతి వేరే చెప్పాలా?

ఇంకో ముచ్చట. 2007లో కేంద్రం ప్రజా పర్యవేక్షణ అనే పనిని 9 రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఆస్పత్రి ఎలా పనిచేస్తోందో ఊరివాళ్లే మార్కులు వేయాలి, అధికారులను కూర్చోబెట్టి బహిరంగ విచారణలో నిలదీయాలి. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా అందులో ఉన్నాయి. అంటే అప్పటి ఉమ్మడి రాష్ట్రానికి నాలుగు దిక్కులా ఉన్న అయిదు పొరుగు రాష్ట్రాలూ ఉన్నాయి. మనం లేం. అదే 2007లో మనకొచ్చింది ఆరోగ్యశ్రీ. దాంతో ప్రాణాలు నిలిచినవాళ్లున్నారు, కాదనం. కానీ కార్డున్న రోగి లబ్ధిదారుడయ్యాడే తప్ప లెక్క అడిగే పౌరుడు కాలేదు.

కమిటీలు లేకపోతే కొంపేం మునిగిందంటారా? 2024 జూన్‌లో జగ్గయ్యపేటలో డయేరియా పాకింది. సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి ఊళ్లను నీళ్లు ముంచెత్తాయి. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి మనుషులను మింగుతోంది, అక్కడి గొడవంతా తాగే బోరునీళ్ల చుట్టూనే. వీటిలో ఏ ఒక్కటీ డాక్టర్ గదిలో పుట్టలేదు. డాక్టర్ చేతిలో మంచినీళ్ల పైపు లేదు, పంచాయతీ చేతిలో మందుల బీరువా లేదు, నీళ్ల శాఖ ఏఈ ఎక్కడో ఉంటాడు. ముగ్గురినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, ట్యాంకు ఎప్పుడు కడిగారని ఊరి ఆడమనిషి అడగగలిగే చోటు ఆ గ్రామ కమిటీ ఒక్కటే. దాన్నే పడుకోబెట్టారు.

బ్రెజిల్‌ను చూడండి. 1988 రాజ్యాంగంలో ఆరోగ్యాన్ని హక్కు చేశారు. 1990లో చట్టం చేసి ఊరి స్థాయి నుంచి దేశం దాకా ఆరోగ్య మండళ్లు పెట్టారు. సభ్యుల్లో సగం మంది ఆ ఆస్పత్రులను వాడుకునే జనమే. అక్కడా రాజకీయ నాయకుల పెత్తనం లేకపోలేదు. అయినా సగం కుర్చీలు చట్టం ఇచ్చినవి, ఎమ్మెల్యే దయతో వచ్చినవి కావు.

2014లో రాష్ట్రం చిన్నదైంది. 2022లో జిల్లా కూడా చిన్నదై కలెక్టరేటు మచిలీపట్నం నుంచి విజయవాడకొచ్చింది. ఆఫీసు దగ్గరైంది, ఆస్పత్రి లెక్క మాత్రం దగ్గర కాలేదు. సరిహద్దు మారితే అన్నీ మారతాయని నమ్మినవాళ్లు ఇది గమనించాలి.

ఉద్యోగ మిత్రులకో మాట. ఈ ప్రశ్న మీ మీద దాడి కాదు. ఇవాళ ఊళ్లో ఏం జరిగినా తిట్లు తినేది ఏఎన్ఎం, ఆశా. ఎంతొచ్చింది, ఎంతయింది అని గోడ మీద రాసుంటే ముందు కాపాడేది వాళ్లనే.

విద్యార్థి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పని మీరు ఎత్తుకోండి. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలే. 30 రోజుల్లో జవాబివ్వాలి. కమిటీ సభ్యుల పేర్లు, మూడేళ్ల సమావేశాల మినిట్స్, బ్యాంకు పాస్‌బుక్ నకలు అడగండి. వచ్చిన కాగితాన్ని గ్రామసభలో పైకి చదవండి.