అమెరికా వాడి డబ్బా ఎందుకంత పెద్దది?

మా పలమనేరు వైపు 90ల్లో పిల్లలు ఆడిన టీవీ గేములు చాలామటుకు జపాన్ నింటెండో ఫ్యామికామ్ (1983)కి నకళ్ళే. చిన్న డబ్బా, పైనుంచి క్యాసెట్ గుచ్చడం. అదే మిషను 1985లో అమెరికా వెళ్ళి ఎన్ఈఎస్ అయ్యేసరికి బూడిదరంగు వీసీఆర్ లా ఉబ్బిపోయింది. లోపలి సరుకు దాదాపు అదే. మరి సైజెందుకు పెరిగినట్టు?

1983లో అక్కడ వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. షాపులవాళ్ళు గేమంటేనే దండం పెట్టేశారు. అందుకని వీసీఆర్ వేషం కట్టించి, క్యాసెట్ ని ముందునుంచి తోసేట్టు చేశారు. క్యాసెట్టూ పెరిగింది, చాలావాటి లోపల సగానికి పైగా ఖాళీయే! నా మటుకు నాకిది చెత్త డిజైను. ఆ అమరికలో పిన్నులు వదులైతే తాళం చిప్పు క్యాసెట్ ని గుర్తుపట్టక మిషన్ని రీసెట్ చేస్తూనే ఉండేది, ఎర్రలైటు మిణుకు మిణుకు.

తాళం చిప్పంటే గుర్తొచ్చింది, అసలు తేడా అక్కడుందండోయ్. జపాన్ క్యాసెట్ కి 60 పిన్నులు, అమెరికాదానికి 72. వాటిలో 4 ఈ తాళానికే. కంపెనీ ఒప్పుకోని క్యాసెట్ పెడితే ఆడదు. ఫ్యామికామ్ లో తాళం లేదు, అందుకే నకలు క్యాసెట్లు పుట్టగొడుగుల్లా వచ్చాయి, వాటి వెనకే 60 పిన్నుల నకలు డబ్బాలూ. పైరసీ కదా అంటారా? పైరసీయే. కానీ ఆ రోజుల్లో మనలాంటి ఊళ్ళకి అసలు సరుకు ఎవడు తెచ్చాడు చెప్పండి?