టెన్త్ బ్యాచ్ ఫోటోలో మేమెక్కడ?

ఏ సోమవారం పేపరైనా సరే, జిల్లా పేజీ తెరిచి చూడండి. కర్నూలు ఎడిషనైనా, కడప ఎడిషనైనా ఒకటే. కింద మూలన ఒక ఫోటో ఉంటుంది. 'పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం' అని హెడ్డింగు. పాతికేళ్ళ తర్వాత ఒకచోట కలిసిన పదో తరగతి మిత్రులు అని కింద రెండు లైన్లు. ముందు కుర్చీల్లో శాలువాలు కప్పుకున్న పాత సార్లు, వెనక ఒకే రంగు టీషర్టుల్లో మూడు వరసల మగవాళ్ళు. ఆడవాళ్ళా? ఒక చివర నలుగురో ఐదుగురో నిలబడి ఉంటారు. ఒక్కోసారి వాళ్ళూ ఉండరు.

ఆ బడులేమన్నా మగపిల్లల బడులా అంటే కాదు. చాలావరకు జిల్లా పరిషత్ హైస్కూళ్ళే. ఒకే గదిలో ఇటు వరస వాళ్ళు, అటు వరస మేము. మరి అటు వరస ఏమైంది?

అడిగితే జవాబు రెడీగా ఉంటుంది. "మేం పిలిచినాం, ఆడోళ్ళే రాలేదు." ఈ ఒక్క మాట మీద ఈ రోజు నేను గొడవ పెట్టుకోదలచుకున్నాను.

పిలవడం అంటే ఏమిటో ముందు చూద్దాం. ఒకరు వాట్సాప్ గ్రూపు పెడతారు. తన దగ్గరున్న నెంబర్లు వేస్తాడు, వాళ్ళు ఇంకో పదిమందిని తెస్తారు. మగవాళ్ళు ఊళ్ళోనో, పక్క మండలంలోనో ఉంటారు. బెంగుళూరు పోయినా పండక్కి ఊరికే వస్తారు. ఇంటిపేరు మారదు. మాకు ఊరు మారింది, ఇంటిపేరు మారింది, కొందరికి పెళ్ళిలో పేరే మార్చారు. టెన్త్ మార్కుల మెమోలో ఒక ఇంటిపేరు, ఆధార్ కార్డులో ఒక ఇంటిపేరు. సెల్ ఉన్నా సిమ్ము మొగుడి పేరు మీదో, కొడుకు పేరు మీదో ఉంటుంది. కర్నూల్లో అయితే 2009 అక్టోబరు వరద ఒకటి. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిమీద పడినప్పుడు బీరువాల్లోని గ్రూపు ఫోటోలు, ఆటోగ్రాఫ్ పుస్తకాలు, సర్టిఫికెట్లు అన్నీ బురదైపోయాయి. పాత వీధుల్లో ఎంతమంది ఇళ్ళల్లో చిన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదో అడిగి చూడండి. అలాంటి మమ్మల్ని వెతకాలంటే గ్రూపులో ఒక మెసేజ్ పెడితే చాలదు. పుట్టింటి గడప తొక్కాలి, మా అమ్మనో వదిననో అడగాలి. ఆ పని చేసిన బ్యాచ్‌లు ఎన్ని?

సరే, నెంబరు దొరికింది, కబురొచ్చింది అనుకుందాం. మనిషికి పదిహేను వందలు. భోజనాలు, టీషర్టు, సార్లకు శాలువాలు, మెమెంటోలు. మగవాడు జేబులోంచి తీసిచ్చేస్తాడు. ఇంట్లో ఉండే ఆడది ఆ పదిహేను వందలు అడగాలి. అడిగితే ఎందుకని చెప్పాలి. చెప్తే మొదలవుతుంది. "ముప్పై ఏండ్ల నాటి మగపిల్లోళ్ళతో ఇప్పుడు నీకేం మాటలుంటాయమ్మే?" అని అత్తగారు. "పోతే పో, నేనేం వద్దనలేదే" అని ఆయన. ఈ రెండో మాట మహా గట్టిది. వద్దనలేదు కాబట్టి తప్పు ఆయనది కాదు. వెళ్ళకపోతే మన ఇష్టం, వెళ్తే మన బరితెగింపు. ఇంట్లో ఉండే ఆడవాళ్ళకి ఈ లెక్క నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

అదే ఆయనగారి బ్యాచ్ కలయికైతే? నెల ముందు నుంచి ఇంట్లో పండగ. టీషర్టు ఇస్త్రీ చేసేది మనం. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ చేసి పెట్టి పంపేది మనం. రాత్రి పన్నెండుకి వచ్చి "ఏం రోజులవి!" అని కళ్ళు తుడుచుకుంటే వినేదీ మనమే. మా వారి బ్యాచ్ వాళ్ళ ముద్దు పేర్లన్నీ నాకు నోటికొచ్చు. నా పక్క బెంచీలో ఐదేళ్ళు కూర్చున్న పిల్ల పేరు మా ఇంట్లో ఒక్కరికి తెలియదు. ఎవరూ అడగలేదు మరి.

ఇంకో భయం ఉంది, పైకి చెప్పరు. పాత ప్రేమలు. సినిమాలు కూడా దీనికి బాగానే సాయం చేశాయి. 2020లో 'జాను' వచ్చింది, తమిళంలో అంతకు రెండేళ్ళ ముందే '96' వచ్చింది. బడి స్నేహితులు కలుసుకోవడమంటే ఇంక అదేదో మిగిలిపోయిన ప్రేమకథే అన్నట్టు తయారైంది జనం బుర్ర. అయ్యా, మాకు మిగిలిపోయినవి చాలా ఉన్నాయి. లెక్కలు మిగిలిపోయాయి, సైన్సు మిగిలిపోయింది, ఖోఖో మిగిలిపోయింది. నర్సు ట్రైనింగుకి తెప్పించుకున్న దరఖాస్తు ట్రంకుపెట్టె అడుగున మిగిలిపోయింది. ప్రేమ ఒక్కటే మిగిలినట్టు మీకెందుకు అనిపిస్తుందో మీరే ఆలోచించుకోండి.

పోనీ వెళ్ళిన ఆ నలుగురైదుగురి సంగతి చూద్దాం. మైకు తిరుగుతుంది. ఒక్కొక్కరూ లేచి చెప్పుకుంటారు. లెక్కల సారు చింతబరికె విరిగేదాకా కొట్టాడు, అందుకే ఈ రోజు ఇంతవాళ్ళమయ్యాం అంటారు. అందరూ చప్పట్లు. (పిల్లల్ని కొట్టకూడదని 2009లోనే విద్యాహక్కు చట్టంలో రాశారు, 2010 నుంచి అమల్లో ఉంది. ఆ సంగతి ఆ సభలో గుర్తు చేసినవాళ్ళని నేను చూడలేదు.) గోడ దూకి సినిమాకి పోయాం, వంకలో ఈదాం, ఎవరి తోటలోనో మామిడికాయలు కోశాం. అన్నీ మగపిల్లల జ్ఞాపకాలే. తర్వాత "మేడమ్‌లు కూడా రెండు మాటలు మాట్లాడాలి" అని మైకు ఇటు తిప్పుతారు. మనవాళ్ళు లేచి "అందరినీ కలవడం చాలా సంతోషం" అని కూర్చుంటారు. పాట పాడమంటారు కొన్నిచోట్ల.

మా జ్ఞాపకాలు ఆ మైకులో చెప్పుకునేవి కావు మరి. చెప్పమంటారా? బడిలో మరుగుదొడ్డి లేదు. పొద్దున ఇంట్లో తాగిన చెంబుడు నీళ్ళే, మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే. మార్చిలో కర్నూలు ఎండ ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. రేకుల షెడ్డు కింద, గొంతు ఎండిపోతున్నా బోరింగు దగ్గరికి పోకుండా కూర్చునేవాళ్ళం. తాగితే ఎక్కడికి పోవాలి? జిల్లేడు చెట్ల చాటుకి, అదీ ఇద్దరు కాపలా ఉంటే. నెలలో మూడు రోజులు బడికి సెలవే. ఆ మూడు రోజుల్లో చెప్పిన పాఠం మాకు ఎప్పటికీ రాదు. ప్రతి బడిలోనూ మరుగుదొడ్లు ఆరు నెలల్లో కట్టించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2012లో. స్వతంత్రం వచ్చి అరవై అయిదేళ్ళకి, అదీ కోర్టు చెప్తే! అంతకు ముందు చదివిన మా తరాల ఆడపిల్లలందరి హైస్కూలు జ్ఞాపకం అదే. 'బంగారు రోజులు' అని ఫ్లెక్సీలో రాసుకునే ముందు ఎవరి బంగారమో ఒకసారి అడిగి రాయండి.

ఇంతవరకూ చెప్పింది పది దాకా చదివిన మా గురించి. అసలు విషయం ఇంకోటి ఉంది.

మేం ఆరో తరగతిలో చేరినప్పుడు ఆడపిల్లలం రెండు వరసల బెంచీలు నిండా ఉన్నాం. పదికొచ్చేసరికి ఒక్క వరస కూడా నిండలేదు. మధ్యలో ఏమయ్యారు? మా కర్నూలు పడమటి పల్లెల్లో, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు, దీనికి ఒక మాట ఉంది. సుగ్గి. వానలు మోసం చేసి ఊళ్ళో పనుల్లేకపోతే ఇంటిల్లిపాదీ మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయ కోతకి పోతారు. ఊళ్ళో ముసలివాళ్ళు మిగులుతారు, ఇళ్ళకి తాళాలు మిగులుతాయి. ఆడపిల్ల వెంట ఉండాల్సిందే. పెద్దదైతే కాయలు కోస్తుంది, చిన్నదైతే గుడారంలో చంటిపిల్లను చూసుకుంటుంది. తిరిగొచ్చేసరికి పరీక్షలు దగ్గరికొస్తాయి, హాజరు ఉండదు. ఒక ఏడు అట్లా పోతే మర్నాటి ఏడు ఆ పిల్ల బడి ముఖం చూడదు. సీజనల్ హాస్టళ్ళు పెట్టారు, 2004 నుంచి కస్తూర్బా విద్యాలయాలు వచ్చాయి, వాటివల్ల నిలబడి చదువుకున్న పిల్లలున్నారు, కాదనను. అవి రాకముందు చదివిన మా వయసువాళ్ళకి ఆ దారీ లేదు.

మిగిలినవాళ్ళకి పెళ్ళిళ్ళు. పెద్దమనిషైతే చాలు, బడి మాన్పించడానికి వేరే కారణం అక్కర్లేదు. అదంతా పాతకాలం అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిందని తేలింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. చట్టం 2006లోనే వచ్చింది. మా పెద్దమ్మాయిది 2020 టెన్త్ బ్యాచ్. మార్చిలో జరగాల్సిన పరీక్షలు లాక్‌డౌన్‌తో వాయిదా పడి, జూన్‌లో రద్దయి, అందరూ పాసైపోయారు. వాళ్ళకి చివరి పరీక్ష రోజే లేదు, ఇంకు చల్లుకోలేదు, స్లామ్ బుక్కులు సగంలో ఆగిపోయాయి. ఆ వేసవిలో వాళ్ళ క్లాసు పిల్ల ఒకతె ఫోనులో మెసేజులు పెట్టడం మానేసింది. పెళ్ళయిందని మూడు నెలల తర్వాత తెలిసింది. 2045లో ఆ బ్యాచ్ టీషర్టులు కుట్టించుకుంటే ఆ పిల్ల పేరు లిస్టులో ఉంటుందా? పది పాసే కదా, అందరితో పాటు పాసైంది. అయినా ఉండదని నా అనుమానం.

అందుకే చెప్తున్నాను. బ్యాచ్ అంటే పదో తరగతి హాల్‌టికెట్ల లిస్టు కాదు. ఆరో తరగతి హాజరు పట్టీ. బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది, హెడ్‌మాస్టరుని మర్యాదగా అడిగితే చూపిస్తారు. దాంట్లో ఉన్న పేర్లన్నీ రాసుకోండి. మధ్యలో మానేసినవాళ్ళవీ, ఫెయిలైనవాళ్ళవీ కూడా. "చదువు మానేసినోళ్ళని పిలిస్తే వాళ్ళే చిన్నబుచ్చుకుంటారు గదక్కా" అన్నాడు మా బ్యాచ్ తమ్ముడొకడు. (వాడు నాకన్నా ఆరునెలలు పెద్ద. ఇప్పుడు మాత్రం అక్కా అంటాడు, జాగ్రత్త కోసం.) పిలవకముందే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని నీకెట్లా తెలుసురా? మండలానికి ఆధార్ పనిమీద వచ్చినప్పుడు మన బడి గేటు దగ్గర ఒక్క నిమిషం నిలబడి పోయే ఆడమనిషిని నేను చూశాను. ఎనిమిదిలో మానేసింది. ఇప్పటికీ ఏ కిటికీ పక్కన కూర్చునేదో చెప్తుంది.

రిసార్టులొద్దు. రాత్రి బస అసలొద్దు. మందు మాట ఎత్తకండి. ఒక్క సీసా కనిపించిందంటే వచ్చే ఏడు ఒక్క ఆడమనిషి రాదు, వాళ్ళ ఇళ్ళల్లో చెప్పుకోవడానికి మీరే సాకు ఇచ్చినట్టు. బడిలోనే పెట్టుకోండి, పొద్దున పదికి మొదలుపెట్టి మూడింటికి ముగించండి. పిల్లల్ని తెచ్చుకోమని చెప్పండి, ఇల్లు చూసుకునేవాళ్ళు లేని వాళ్ళకి అదొక్కటే దారి. చందా ఎవరు ఎంతిస్తే అంత, పేర్లు చదవొద్దు. టీషర్టులు మానేస్తే సగం ఖర్చు తగ్గుతుంది, అయినా చీర మీద ఎట్లా వేసుకుంటామనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పిలుపు మాకు కాదు, ముందు మా ఇళ్ళకి వెళ్ళాలి. భార్యను వెంటబెట్టుకుని వచ్చి, మా అత్తగారితో, మా ఆయనతో ఎదురుగా కూర్చుని చెప్పిపోండి. అది మాకు అవమానం కాదా అంటే అవమానమే. కానీ ఫోటోలో లేకపోవడం అంతకన్నా పెద్దది, ఈ ఏటికి నేను దీంతో సర్దుకుంటాను.

ఇక భర్తలకి. ఆ ఒక్క పూట అన్నం మీరు వండండి. రాకపోతే హోటల్లో తెచ్చుకోండి. అత్తగారికి సంగటి మీరే కెలికి పెట్టండి. "నేనేం వద్దనలేదే" అని కాదు, బస్టాండు దాకా దింపి రండి.

తేదీ సంగతి కూడా ఒకటుంది. మే నెల ఆదివారాలు పెడుతున్నారు అందరూ, మగవాళ్ళకి సెలవులని. మేలో పెళ్ళి ముహూర్తాలు, ఊరగాయలు, ఇంటికొచ్చే ఆడబిడ్డల పిల్లలు, అన్నీ మా నెత్తినే ఉంటాయి. మేము పుట్టింటికి ఎప్పుడొస్తామో మా అమ్మల్ని అడగండి. సంక్రాంతికి వస్తాం, ఉగాదికి వస్తాం, ఊరి తిరునాలకి వస్తాం. కడపలో అయితే పెద్ద దర్గా ఉరుసుకి మా ముస్లిం స్నేహితురాళ్ళు పుట్టిళ్ళకి చేరతారు. రంజాన్ నెలలో పెట్టకండి, ఎండలో ఉపవాసాలుంటారు. సంక్రాంతికైతే కనుమ మర్నాడు పెట్టండి. ఆ రోజు చాలామందిమి ఇంకా పుట్టింట్లోనే ఉంటాం.