చిన్న దుకాణానికి సొంత యాపా అని నవ్వకండి, మా మెస్ ముచ్చట వినండి

చాన్నాళ్లకు పెద్ద పోస్ట్ రాస్తున్న. డ్యూటీ అయినంక మంచం మీద పడుకొని ఫోన్‌లోనే కొడుతున్న, తప్పులుంటే సర్దుకోండి.

మొన్న శుక్రవారం రూమ్‌లో ముచ్చట వచ్చింది. అజ్మాన్‌లో కర్రీ పాయింట్ పెట్టిన మనూరి అన్న ఒకాయన సొంత యాప్ చేయించుకుంటా అన్నడు. అందరూ ఒకటే నవ్వు. "నాలుగు గిన్నెలు, రెండు స్టవ్‌లు, నీకు యాపెందుకే" అని ఒకరు, "వాట్సాప్ ఉన్నది కదా" అని ఇంకొకరు. నేను నవ్వలేదు. రెండేళ్ల కింద నేను కూడా అట్లనే నవ్విన. ఇప్పుడు ఎందుకు నవ్వలేదో చెప్పాలంటే మా మెస్ కథ చెప్పాలి.

నేను షార్జాలో ఒక తెలుగు మెస్‌లో పనిచేస్తున్న. ఆరేళ్లయింది. మొదట డబ్బాలు మోసిన, ఇప్పుడు కౌంటర్, లెక్కలు చూస్తున్న. మాది రెండు రకాల గిరాకీ. ఒకటి నెలవారీ మెస్. క్యాంపుల్లో, బెడ్ స్పేస్‌లో ఉండే మనోళ్లు రెండు వందల మంది దాకా ఉంటరు, నెలకు ఇంత అని కడ్తరు, మధ్యాహ్నం, రాత్రి డబ్బా పోతది. రెండోది డెలివరీ యాప్‌లో వచ్చే ఆర్డర్లు, బిర్యానీ, చికెన్ ఫ్రై ఇట్లాంటివి. ఏ యాప్ అని అడగకండి, పేరు రాయను.

ఆ రెండో గిరాకీ మొదట్లో మస్తు సంబురం అనిపించింది. టింగ్ టింగ్ అని టాబ్లెట్ మోగుతుంటే మా సేట్ మొఖం వెలిగిపోయేది. కానీ లెక్క నేను రాస్తుంటి కాబట్టి నాకు తెలుసు. 40 దిర్హాంల ఆర్డర్ అనుకోండి. ఆఫర్ పెడితేనే పైన కనిపిస్తం అంటే 15 శాతం ఆఫర్ పెట్టినం, 6 దిర్హాంలు అక్కడే పోయినయ్. మిగిలిన 34 మీద మా ఒప్పందంలో 25 శాతం కమీషన్, అంటే ఎనిమిదిన్నర. డబ్బా, సంచి, చెంచా కలిపి ఒకటిన్నర. చేతికి వచ్చేది 24. ఆ 24లో బియ్యం, చికెన్, గ్యాస్, కిరాయి, మా జీతాలు. సేట్ సంబురం నెలాఖరుకు చల్లారేది.

అయినా కమీషన్ గురించి నేను పెద్దగా ఏడ్వను. వాళ్లు గిరాకీ తెచ్చి ఇస్తున్నరు, బండి పంపుతున్నరు, ఊరికే ఎవరు చేస్తరు? నా బాధ వేరే. మూడేళ్లు ఆ యాప్‌లో బిర్యానీ అమ్మినం. ఒక్క గిరాకీ ఫోన్ నంబర్ కూడా మా దగ్గర లేదు. వారానికి రెండుసార్లు మా బిర్యానీ తినే మనిషి ఎవరో మాకు తెల్వదు. ఆయనకు మేము తెల్వదు. ఆయనకు తెలిసింది ఆ యాప్ మాత్రమే.

ఇది ఎప్పుడు అర్థమైందంటే, ఆ ఏడు రంజాన్‌లో. ట్రేడ్ లైసెన్స్ రెన్యూవల్ చేసి కొత్త కాగితం యాప్‌లో పెట్టినం. పాత కాగితంలో పేరు స్పెల్లింగ్‌కు, కొత్త దాంట్లో స్పెల్లింగ్‌కు ఒక అక్షరం తేడా. అంతే, అకౌంట్ బంద్. 11 రోజులు. రంజాన్‌లో సాయంత్రం గిరాకీ ఎట్లుంటదో ఇక్కడున్నోళ్లకు చెప్పక్కర్లేదు. చాట్‌లో అడిగితే ఒక్కటే జవాబు, మీ విషయం చూస్తున్నాం అని. మాట్లాడదామంటే మనిషి లేడు. పోదామంటే ఆఫీసు ఎక్కడో తెల్వదు. టాబ్లెట్ మూగగా కూర్చున్నది. వంటోళ్లలో ఇద్దరిని సేట్ జీతం లేని సెలవు మీద ఇంటికి పంపిండు. ఆ నెల నాకు సగం జీతం. ఇంటికి పైసలు పంపలేక, "బ్యాంకు సర్వర్ డౌన్ ఉన్నదమ్మా" అని మా అమ్మకు అబద్ధం చెప్పిన.

అదే టైమ్‌లో నెలవారీ మెస్ ఒక్క రోజు కూడా ఆగలేదు. ఎందుకంటే ఆ రెండు వందల మంది మావాళ్లు. వాళ్ల పేర్లు, రూమ్ నంబర్లు, ఎవరికి చపాతీ, ఎవరికి అన్నం అన్నీ మా నోట్‌బుక్‌లో ఉన్నయ్. అప్పుడు సేట్‌కు చెప్పిన, "అన్నా, మన నోట్‌బుక్కే మన ఆస్తి, దాన్ని ఫోన్‌లో పెడదాం" అని. "చూద్దాం తమ్మీ" అన్నడు. చూద్దాం అంటే చేయడని మీకు తెలుసు కదా. ఆర్నెల్లు పట్టింది ఒప్పించడానికి.

ఇక్కడ పాతోళ్లకు ఇంకోటి గుర్తుండాలి. జొమాటో 2019లో యూఏఈలో తన ఫుడ్ డెలివరీ వ్యాపారాన్ని తలాబత్ వాళ్లకు అమ్మింది. 2022 నవంబర్‌లో జొమాటో యాప్‌లో ఇక్కడ ఆర్డర్ పెట్టడమే ఆగిపోయింది. తప్పనను, వాళ్ల వ్యాపారం, వాళ్ల ఇష్టం. కానీ ఆ యాప్‌లోనే గిరాకీ పెంచుకున్న చిన్న హోటల్ సంగతి ఆలోచించండి. రేటింగులు, పొగిడి రాసిన రివ్యూలు, రోజూ అక్కడే వెతికే అలవాటు, అన్నీ వేరే వాళ్ల ఇంట్లో పెట్టుకున్న సామాను లెక్క.

సరే, వాట్సాప్ ఉన్నది కదా అనే మాటకు వస్త. మేము కూడా దాంతోనే మొదలుపెట్టినం. ఇక్కడ వాట్సాప్ కాల్ పనిచేయదు, మెసేజ్, వాయిస్ మాత్రమే. రాత్రి 9 గంటలకు మొదలైతది. "రేపు నాకు వద్దన్నా", "నేను నైట్ డ్యూటీకి మారిన, డబ్బా పొద్దుగాల కావాలె", "మా రూమోడు ఇంటికి పోయిండు, వాని డబ్బా బంద్ చెయ్". రెండు వందల మందిలో రోజుకు నలభై మంది ఏదో ఒకటి చెప్తరు. సగం వాయిస్ మెసేజ్‌లే, వెనక టీవీ సౌండ్. వినేసరికి 11 అయితది. ఒకటి మర్చిపోయినమా, పొద్దున లొల్లి. ఇగ అందరికీ ఒకటే సంగతి చెప్పాలంటే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో 256 మందికే పోతది, అది కూడా మన నంబర్ సేవ్ చేసుకున్నోళ్లకే. మనోళ్లలో ఎంతమంది సేవ్ చేస్తరు? "మెస్ అన్న" అని నా పాత నంబర్ ఉన్నోళ్లు ఇప్పటికీ ఉన్నరు.

ఈ గందరగోళంలో రోజుకు పదిహేను డబ్బాల దాకా తినకుండా తిరిగి వచ్చేవి. ఒక్కో డబ్బాకు ఖర్చు 6 దిర్హాంలు వేసుకున్నా రోజుకు 90, నెలకు 2,700. పైగా తిననోడు నెలాఖరులో ఆ రోజుల పైసలు కోస్తడు. "నేను చెప్పిన" అంటడు, "నువ్వు చెప్పలే" అని మేమంటం. పారేసిన అన్నం ఒకటి, పోయిన దోస్తీ ఒకటి.

ఇప్పుడు మా యాప్‌లో ఉన్నదేందో చెప్తే మీరు మళ్లీ నవ్వుతరు. రెండే పెద్ద బటన్లు. పచ్చది, "రేపు కావాలి". ఎర్రది, "రేపు వద్దు". కింద, ఈ నెల ఎన్ని డబ్బాలు తిన్నరు, ఎంత కట్టాలి, అంతే. రాత్రి 10 లోపల ఎర్రది నొక్కితే ఆ రోజు పైసలు వచ్చే నెలకు జమ అయితయ్. 10 దాటితే కాదు. తెలుగు, హిందీ రెండూ ఉన్నయ్, ఎందుకంటే మా దగ్గర బిహార్ తమ్ముళ్లు కూడా తింటరు. జగిత్యాల దిక్కు కాక ఒకాయన ఉన్నడు, ఇరవై ఏండ్ల నుంచి గల్ఫ్‌లనే. చదువు రాదు, ఫోన్‌లో యూట్యూబ్ తప్ప ఏం తెల్వదు. ఆయన ఎట్ల నేర్చుకుంటడని భయపడ్డం. మూడో రోజు నాకే ఫోన్ చేసి, "బిడ్డా, ఎర్రది రెండుసార్లు నొక్కిన, రెండు రోజులు బంద్ కాలే కదా" అని అడిగిండు. నేర్చుకున్నట్టే కదా మరి. ఇప్పుడు ఆయన రూమ్‌లో కొత్తోళ్లకు ఆయనే నేర్పిస్తుండు.

తిరిగొచ్చే డబ్బాలు ఇప్పుడు మూడో, నాలుగో. అంతా యాప్ పుణ్యమే అనను, 10 గంటల రూల్ పెట్టడం కూడా కారణం. కానీ యాప్ లేకుండా ఆ రూల్ నిలబడేది కాదు. నేను చెప్తే కొట్లాట, ఫోన్ చెప్తే రూల్. మనుషులు అట్లనే ఉంటరు.

ఇగ మేము చేసిన తప్పు కూడా రాయాలి, లేకుంటే ఈ పోస్ట్ దండగ. మొదటిసారి ఒక తెలిసిన పిల్లగానికి 6,000 దిర్హాంలు ఇచ్చినం. యాప్ చేసిండు, ప్లే స్టోర్‌లో పెట్టిండు, బాగానే ఉండె. కానీ ప్లే స్టోర్ అకౌంట్ ఆయన పేరు మీద, సర్వర్ ఆయన కార్డు మీద, కోడ్ ఆయన ల్యాప్‌టాప్‌లో. నాలుగు నెలలకు ఆయనకు వేరే దేశంల జాబ్ వచ్చింది. ఫోన్ కలవదు. ఒకరోజు సర్వర్ పైసలు కట్టక యాప్ ఆగింది. పెద్ద యాప్ దగ్గర మోసపోయినమని ఏడ్చి, మళ్లీ మా చేతులతో మేమే ఇంకొకరి చేతుల పెట్టినం. సేట్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. న్యాయమే, ఐడియా నాదే కదా.

రెండోసారి 9,000, పైన నెలకు 250 సర్వర్, రిపేర్లకు. ఈసారి గూగుల్ అకౌంట్ మెస్ పేరు మీద, సేట్ ఈమెయిల్‌తో. దానికి ఒక్కసారే 25 డాలర్లు, అంటే 92 దిర్హాంలు. యాపిల్ వాళ్లకు ఏడాదికి 99 డాలర్లు, 364 దిర్హాంల దాకా. మా క్యాంపుల్లో ఐఫోన్ ఉన్నోళ్లు పది మంది కూడా లేరు, అందుకే యాపిల్ జోలికి పోలేదు. వాళ్లకు లింక్ ఇచ్చినం, బ్రౌజర్‌లో తెరిచి హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుంటే యాప్ లెక్కనే కనిపిస్తది. ఇంకో అపోహ ఉన్నది, యాప్ పెడితే గూగుల్, యాపిల్ వాళ్లు అమ్మకంలో 30 శాతం తింటరని. వాళ్ల కోత ఉండేది గేములు, పాటలు లాంటి ఫోన్‌లోనే వాడుకునే సరుకులకు. అన్నం డబ్బాకు, బట్టలకు, కిరాణాకు ఆ కోత లేదు.

డెలివరీ యాప్ మానేసినమా అంటే, లేదు. ఇంకా ఉన్నం. కొత్త మొఖాలు అక్కడి నుంచే వస్తయ్. కానీ అది ఆగితే వంటోళ్లను ఇంటికి పంపే పరిస్థితి ఇప్పుడు లేదు. నేను చెప్పేది గంతే.

అందరికీ యాప్ కావాలని కూడా అనను. కోరుట్లలో మా బావకు బస్టాండ్ కాడ టిఫిన్ సెంటర్ ఉన్నది. నేను ఇట్ల చెప్తుంటే విని, "నాక్కూడా ఒకటి చేయించు బావా" అని అడిగిండు. వద్దన్న. ఆయనది దారిన పోయే గిరాకీ, బస్సు దిగినోడు ఇడ్లీ తిని పోతడు, వానికి యాప్ ఎందుకు? గోడకు క్యూఆర్ కోడ్ చాలు. అదే వాళ్ల పక్క సందులో నీళ్ల క్యాన్లు వేసే తమ్ముడున్నడు, మూడు వందల ఇండ్లకు రోజు విడిచి రోజు వేస్తడు, గోడల మీద సుద్దతో గీతలు గీసి లెక్క పెట్టుకుంటడు. ఆయనకు కావాలె. గిరాకీ మళ్లీ మళ్లీ వచ్చేదైతే, లెక్క కాడ లొల్లి అయితుంటే, అప్పుడు ఆలోచించాలె. నలభై మందే ఉన్నరా, నోట్‌బుక్ చాలు, పైసలు పారెయ్యకండి.

ఫ్లాట్‌లో వండి పంపే అన్నలకు ఒక మాట. లైసెన్స్ లేకుండా యాప్ పెట్టకండి. మీ పేరు, మెనూ, ఫోన్ నంబర్ మీరే ఫోన్‌లో పెట్టి బలదియాకు ఇచ్చినట్టు అయితది. ముందు కాగితం, తర్వాత యాప్.

అజ్మాన్ అన్న నిన్న మళ్లీ ఫోన్ చేసిండు. వచ్చే శుక్రవారం మా మెస్‌కు వస్తా, ఆ రెండు బటన్లు చూపించమన్నడు. మేము రెండోసారి రాసుకున్న ఒప్పంద కాగితం ఒకటుంది, అకౌంట్ ఎవరి పేరు మీద, కోడ్ ఎవరి దగ్గర, మధ్యల పని ఆపితే ఏం చేయాలె అన్నీ తెలుగులోనే రాసినం. ఆయనకు అది ఫొటో తీసి పంపుతున్న. మీలో ఎవరికన్నా కావాలంటే ఇన్‌బాక్స్‌లో అడగండి, 10 దాటినంక అడిగితే మాత్రం జవాబు పొద్దున ఇస్త.