విజ్ఞాని విలువకు కొలబద్ద

ఒక శాస్త్రజ్ఞుని కృషి యెంత గొప్పదో నిర్ణయించుట యెట్లు? ఉద్యోగము నిచ్చువారికి, నిధులు పంచువారికి, బహుమతులు ప్రకటించువారికి ఈ ప్రశ్న తప్పదు. నేడు దీనికి సులభమైన సమాధానమొకటి వాడుకలోనికి వచ్చినది. అతని వ్యాసములను ఇతరులు ఎన్నిసార్లు పేర్కొనిరో లెక్కించుదురు. ఎందరితో, ఏయే దేశములవారితో కలిసి పనిచేసెనో చూతురు. వచ్చిన అంకెను బట్టి తీర్పు చెప్పుదురు. పరిశోధకుడు తనకు ఆధారమైన పూర్వుల రచనలను తన వ్యాసములో పేర్కొనుటనే ఉల్లేఖన మందురు. అది విద్యాలోకమున ఋణమును ఒప్పుకొను పద్ధతి. ఋణము నొప్పుకొనుట ధర్మమే. కాని ఆ ఋణముల చిట్టా చూచి మనిషికి వెల కట్టవచ్చునా యన్నది విచారింపవలసిన విషయము.

నిజమునకు ఈ లెక్క తీర్పుల కొఱకు పుట్టినది కాదు. 1955లో అమెరికా దేశీయుడైన యూజీన్ గార్ఫీల్డ్ ఉల్లేఖనముల సూచిక నొకదానిని ప్రతిపాదించెను. ఒక వ్యాసమును తరువాతివారు ఎవరెవరు వాడుకొనిరో, ఎవరు ఖండించిరో వెదకుటకు అది గ్రంథాలయ సాధనము. క్రమముగా అది మనుష్యులను తూచు త్రాసైనది. 2005లో హిర్ష్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు 'హెచ్ సూచిక'ను ప్రవేశపెట్టెను. పది వ్యాసములు ఒక్కొక్కటి కనీసము పదిసార్లు పేర్కొనబడినచో సూచిక పది. జీవితకాలమున మూడే వ్యాసములు వ్రాసి, అవి వేలసార్లు పేర్కొనబడినను అతని సూచిక మూడే. ముప్పది సామాన్య వ్యాసములు వ్రాసి, ఒక్కొక్కటి ముప్పదిసార్లు పేర్కొనబడినవాని సూచిక ముప్పది. ఇరువురిలో ఎవరు పెద్దయో ఈ అంకె చెప్పజాలదు.

తెలుగువారికి సుపరిచితుడైన ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితమే దీనికి చక్కని ఉదాహరణము. 1895లో భీమవరమున జన్మించిన ఆయన అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసెను. దేహ ద్రవములలోని భాస్వరమును నీలిరంగు గాఢతను బట్టి కొలుచు విధానమును వారిరువురు 1925లో ప్రకటించిరి. ప్రపంచమందలి జీవరసాయన ప్రయోగశాలలన్నిట ఆ విధానము వ్యాపించినది. ఆ వ్యాసము వేలకొలది ఉల్లేఖనములను పొందినది. అదే జంట 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెల్లడించినది. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ ఏ.టి.పి.ని కనుగొనెను. కండరము కదలుటకు శక్తి యెచ్చటినుండి వచ్చునో తెలియుటకు ఈ శోధనలు పునాదులు. ఐనను నేడు ఏ.టి.పి.ని గూర్చి వ్రాయువారు 1929 నాటి వ్యాసమును పేర్కొనుట అరుదు. అది పాఠ్యపుస్తకములలో చేరి సర్వుల సొత్తైనది. ఉప్పు నీటిలో కరగినట్లు గొప్ప సత్యము లోకజ్ఞానములో కరగిపోవును. కరగినదానిని చిట్టా చూపజాలదు. సాధనము మాత్రము వాడినప్పుడెల్ల పేర్కొనబడుచుండును. అత్యధికముగా ఉల్లేఖింపబడిన వ్యాసముగా ప్రసిద్ధి కెక్కినది కూడ మాంసకృత్తులను కొలుచుటకై లౌరీ, ఆయన సహచరులు 1951లో తెలిపిన విధానమే!

ఇక సహపరిశోధన మాట. 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బాలుర రక్తక్యాన్సరుకు అమినోప్టెరిన్ అను మందు తాత్కాలికముగానైనను ఉపశమనము నిచ్చునని ప్రకటించెను. ఆ మందు లెడర్లీ సంస్థలో సుబ్బారావు నాయకత్వమున తయారైనది. కాని ఆ వ్యాసకర్తల వరుసలో ఆయన పేరు లేదు. ఇందుకు విరుద్ధముగా 2015లో హిగ్స్ కణపు ద్రవ్యరాశిని గూర్చి వెలువడిన వ్యాసమునకు కర్తలు 5,154 మంది! మొదటి వరుసలో పనిచేసినవాని పేరు కానరాదు. రెండవ వరుసలో ఎవరి పని యెంతయో తెలియరాదు. పేర్లు లెక్కించి సహకారమును కొలుచువారు ఈ రెండింటికి ఏమి సమాధానము చెప్పుదురు?

అంకెలను నిరసించుట సులభము; వాటి పక్షమునను ఒక బలమైన మాట కలదు. అంకెలు లేని నాడు రాజ్యమేలినది సిఫారసు. పలుకుబడి లేని చిన్న కళాశాలలోని ఉపాధ్యాయుని కృషిని విదేశ విద్వాంసులు పేర్కొనినచో, ఆ లెక్క యతనికి రక్ష. కావున అంకెను పారవేయనక్కరలేదు. దానిని సాక్షి స్థానమున నిలిపి, విచారణ మాత్రము మనుష్యులే చేయవలెను.

సాక్షికే తీర్పును అప్పగించినచో ఫలితమేమో భారతదేశము చూచినది. 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము అధ్యాపకుల నియామకములకు, పదోన్నతులకు మార్కుల పద్ధతిని ప్రవేశపెట్టెను. వ్యాసములు అచ్చైనకొలది మార్కులు. సొమ్ము పుచ్చుకొని ఏమి పంపినను అచ్చువేయు పత్రికలకు అది మంచి పంటకాలమైనది. 2018లో ఆ సంఘమే తన ఆమోదిత జాబితానుండి నాలుగు వేలకు పైగా పత్రికలను తొలగింపవలసి వచ్చెను. ఈ పందెములో ఓడినవారు ఎవరు? ఒక్క సమస్యపై ఏండ్లతరబడి ఓపికతో కూర్చుండువారు.

చేయవలసినది కఠినము కాదు, శ్రమతో కూడినది మాత్రమే. అభ్యర్థి తన ఉత్తమ వ్యాసములు మూడో నాలుగో సమర్పింపవలెను. సహకర్తలలో ఎవరి పని యేదో వ్యాసములోనే స్పష్టముగా వ్రాయవలెను. నిర్ణేతలు వాటిని చదువవలెను. చదువుటకు బదులు లెక్కపెట్టుట సోమరితనమునకు శాస్త్రపు ముసుగు వేయుటయే యగును.

ఇది పెద్ద ప్రయోగశాలలకే పరిమితమైన విషయము కాదు. మార్కుల పట్టికను మాత్రము చూచి విద్యార్థి బుద్ధిని నిర్ణయింపరాదని ప్రతి మంచి ఉపాధ్యాయునికి తెలియును. అందుకే అతడు జవాబుపత్రమును చదువును, తప్పెచ్చట జరిగినదో వెదకును. విజ్ఞానులును ఆపాటి న్యాయమునకు అర్హులే. తరగతిలో ఏ.టి.పి. పాఠము వచ్చిన నాడు, ఆ మూడక్షరముల వెనుక నున్న భీమవరపు మనిషిని గూర్చి ఉపాధ్యాయుడు ఒక్క మాట చెప్పినచో, ఏ సూచికయు తీర్పజాలని ఋణము కొంత తీరును.