పదహారు డిగ్రీల వాలు

నరసరావుపేటలోనో మాచర్లలోనో ఏదైనా మేడ ఎక్కి చూస్తే చుట్టుపక్కల డిష్‌లన్నీ దాదాపు ఒకే దిక్కుకు మొహం పెట్టి కనిపిస్తాయి. దూరదర్శన్ ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న జీశాట్-15 నుంచి వస్తాయి. పల్నాటి నుంచి చూస్తే అది ఆగ్నేయం. మెకానిక్ వచ్చి బిగించి వెళ్లాక ఆ డిష్‌ను ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. గాలివానకు కదిలితే మళ్లీ ఆయనకే ఫోను. మన మిద్దె మీది వస్తువే అయినా అది ఎటు చూస్తోందో, అటే ఎందుకు చూస్తోందో తెలుసుకునే పని మనకు లేకుండా పోయింది.

అలా వదిలేయకుండా, పెరట్లో ఒక పాత పెద్ద డిష్‌ను నిలబెట్టి, దానికి చేత్తో తిప్పే స్టాండు కట్టుకుని, తూర్పు నుంచి పడమర దాకా ఉపగ్రహాలను వెతుక్కునే సరదా ఒకటుంది. మోటారు ఉండదు, రిమోటు ఉండదు. కావలసిందల్లా కాంక్రీటులో పాతిన ఒక పైపు, రెండు బేరింగులు, మరచుట్లున్న ఒక పొడవాటి కడ్డీ, పక్క వీధిలో ఒక వెల్డింగ్ షాపు. వీటన్నిటికన్నా ముందు కావలసింది మాత్రం ఒక లెక్క.

టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున వరసగా ఉంటాయి. మనం ఆ రేఖకు ఉత్తరాన ఉన్నాం కాబట్టి ఆ వరస మనకు దక్షిణాకాశంలో వంపు తిరిగి ఉంటుంది. నరసరావుపేట దాదాపు 80 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. ఇక్కడి నుంచి నేరు దక్షిణాన ఆ వంపు 71 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆగ్నేయాన 93.5 డిగ్రీల ఉపగ్రహం దగ్గరికి వచ్చేసరికి ఎత్తు 65కు దిగుతుంది. నైరుతిన 66 డిగ్రీల చోటు కూడా ఇంచుమించు అంతే ఎత్తు. మామూలు స్టాండు మీద ఒక ఉపగ్రహం నుంచి ఇంకోదానికి మారాలంటే డిష్‌ను ఒకసారి పక్కకు, ఒకసారి పైకో కిందికో సరిచేయాలి. ఎనిమిది అడుగుల సీ బ్యాండ్ డిష్ చూపు వెడల్పు రెండు డిగ్రీలకు కాస్త ఎక్కువ, అంతే. కొంచెం తప్పితే తెర మీద ఏమీ రాదు.

ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు వాల్చడమే దీనికి విరుగుడు. పెళ్లిపీటల మీంచి లేపి పురోహితుడు చూపించే ఆ నక్షత్రం, ఏ ఊళ్లో చూస్తే ఆ ఊరి అక్షాంశమంత ఎత్తులో ఉంటుంది. పల్నాటిలో అది పదహారు డిగ్రీల పైచిలుకు. ఇరుసును అంతే వాలులో ఉత్తరానికి గురిపెట్టి, డిష్‌ను మాత్రం దక్షిణానికి ఇంకో 2.8 డిగ్రీలు వంచి బిగిస్తే, ఆపైన ఒక్క తిప్పుతో వంపంతా చుట్టి రావచ్చు. ఉత్తరం తెలుసుకోవడానికి దిక్సూచిని ఇనుప పైపు దగ్గర నమ్మడానికి లేదు. నేల మీద వృత్తం గీసి, నడుమ కర్ర నిలిపి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం తిరిగాక ఒకసారి నీడ కొస వృత్తాన్ని తాకిన చోట్లను కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది, దానికి లంబంగా గీసేదే ఉత్తరం. సూర్యసిద్ధాంతంలో ఉన్న పద్ధతే ఇది. స్తంభం నిలువును తూకం గుండు చెబుతుంది.

ఈ లెక్కను పెద్ద ఎత్తున వాడుకున్న చోటు ఊటీ. అక్కడ గోవింద్ స్వరూప్ బృందం 530 మీటర్ల పొడవైన రేడియో టెలిస్కోపును కట్టడానికి, ఆ ఊరి అక్షాంశమంత, అంటే పదకొండు డిగ్రీల పైచిలుకు వాలున్న కొండను వెతికి పట్టుకుంది. 1970 నుంచి అది ఒకే ఇరుసు మీద తిరుగుతూ ఆకాశాన్ని వింటోంది. అంతకు ముందే 1937లో అమెరికాలోని వీటన్‌లో గ్రోట్ రీబర్ అనే ఇంజనీరు సొంత డబ్బుతో, సొంత పెరట్లో ముప్పై అడుగుల డిష్ కట్టాడు. పైకీ కిందికీ వాల్చడం వరకే ఆయన పని, పక్కకు తిప్పే పని భూమికే వదిలేశాడు. మన దేశంలో పల్లెలకు ఉపగ్రహ టీవీ వచ్చిందీ నాజూకు పరికరాలతో కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఇస్రో నడిపిన సైట్ ప్రయోగంలో మన రాష్ట్రం సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలు కార్యక్రమాలు చూసింది, కోళ్లకు దడి కట్టే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల డిష్‌ల సాయంతోనే.

యూట్యూబు అరచేతిలో ఉండగా ఇదంతా ఎందుకని అడగవచ్చు. టీవీ చూడటానికైతే అక్కర్లేదు. కానీ బిగించి వదిలేసిన ఏర్పాటుకు ఎప్పుడో ఒకప్పుడు చేయి అవసరమవుతుంది. 2010 జులైలో ఇన్‌శాట్-4బిలో విద్యుత్ లోపం వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చినప్పుడు, సన్ డైరెక్ట్ ప్రసారాలు 93.5 నుంచి 91.5 డిగ్రీల చోటుకు మారాయి. మిద్దెల మీది డిష్‌లు జరగాల్సింది రెండు డిగ్రీలే. ఆ రెండు డిగ్రీల కోసం మెకానిక్ రాక తప్పలేదు.

అసలు ప్రయోజనం ఇంకోటి ఉంది. ఈ స్టాండు కొనుక్కొచ్చేది కాదు, ఉన్న ఊరికి తగ్గట్టు చేసుకునేది. మాచర్లలో కట్టిన వాలు శ్రీకాకుళంలో పనికిరాదు, అక్కడ 18 కావాలి. తిరుపతిలో 13.6 చాలు. పదో తరగతి పిల్లలకు అక్షాంశం అంటే పటం మీద ఒక అడ్డగీత, కోణం అంటే మార్కులు తెచ్చే లెక్క. వెల్డింగ్ షాపు కుర్రాడికి కోణం చేతిలో ఉంటుంది, దాని పేరు అడిగేవారుండరు. ఈ ఇద్దరినీ ఒక పాత డిష్ చుట్టూ నిలబెట్టడం ఏ ఉన్నత పాఠశాలకైనా, ఐటీఐకైనా కష్టం కాదు. నేర్పు లేదనడానికి వీల్లేదు. కోటప్పకొండ తిరునాళ్లకు ఆకాశమంత ప్రభలు కట్టి, కూలకుండా కొండ దిగువదాకా నడిపించుకుపోయే ఊళ్లివి. తుక్కు కొట్టుకు పోయే డిష్‌లలో ఒకదాన్ని బడికి మళ్లించడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పరీక్ష పెట్టడానికి బయటి నుంచి ఎవరూ రానక్కర్లేదు. మార్చి రెండో వారం చివర, సెప్టెంబరు నెలాఖరున సూర్యుడు మనకు సరిగ్గా ఉపగ్రహాల వెనక నుంచి వెళతాడు. జీశాట్-15కు గురిపెట్టిన పెద్ద రేకు డిష్‌లో, ఆ రోజుల్లో పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో, డిష్ ముందు సంకేతాలు అందుకునే ఎల్‌ఎన్‌బి నీడ నట్టనడుమ పడాలి. పడితే లెక్క ఒప్పు. పడకపోతే నట్టు వదులు చేసి మళ్లీ తిప్పుకోవడమే.