పాత బ్యాటరీకి వెల కట్టేదెవరు?

మేట్టుపాళయం పారిశ్రామికవాడ సమీపంలోని ఒక పాత ఇనుప సామాను కొట్టుకు ఇటీవల మేము రెండు బ్యాటరీలు తీసుకువెళ్లాము. ఇన్వర్టరు నుండి తీసిన సీసపు బ్యాటరీని యజమాని వెంటనే కాటాపై ఉంచి, సొమ్ము చెల్లించాడు. ల్యాప్‌టాప్‌లోని లిథియం బ్యాటరీని చూసి మాత్రం తల అడ్డంగా ఊపాడు. నిప్పంటుకుంటే కొట్టంతా పోతుందని అతని భయం. ఈ తారతమ్యానికి కారణమేమిటో ఈ మాసం పరిశీలిద్దాము.

సీసాన్ని కరిగిస్తే మళ్లీ సీసమే లభిస్తుంది. లిథియం బ్యాటరీ విషయం అంత సులభం కాదు. అందులో మిగిలిన విద్యుత్తును ముందుగా తొలగించి, దానిని నలగగొట్టి, వచ్చిన నల్లని పొడిని ఆమ్లంలో కరిగించి, లోహాలను ఒక్కొక్కటిగా వేరుచేయాలి. హైదరాబాదులోని సీ-మెట్ పరిశోధన సంస్థ ఇట్టి విధానాన్ని రూపొందించగా, 2023 జూన్‌లో దానిని తొమ్మిది పరిశ్రమలకు అందజేశారు. లిథియం, కోబాల్టు, నికెలు, మాంగనీసులను 95 శాతానికి పైగా రాబట్టవచ్చునని ఆ సంస్థ ప్రకటించింది. కనుక సాంకేతిక జ్ఞానానికి కొరత లేదు.

చిక్కంతా గిట్టుబాటులో ఉన్నది. ఫోన్ల బ్యాటరీలలోని కోబాల్టు శ్రమకు తగిన ఫలమిస్తుంది. విద్యుత్ బస్సులలో విరివిగా వాడే ఐరన్ ఫాస్ఫేటు రకంలో కోబాల్టూ లేదు, నికెలూ లేదు. పైగా 2022 చివర శిఖరాన్ని తాకిన లిథియం ధర 2024 నాటికి ఐదింట నాలుగు వంతులకు పైగా పడిపోయింది. సేకరణ, రవాణా వ్యయాలు మాత్రం ధరతోపాటు దిగిరావు.

లోహం భరించలేని ఆ వ్యయాన్ని చట్టం భరింపజేయాలి. 2022 ఆగస్టు నాటి నియమాలు ఈ బాధ్యతను తయారీదారులపై, దిగుమతిదారులపై ఉంచాయి. శుద్ధి కర్మాగారం ఇచ్చే ధ్రువపత్రాన్ని వారు కొనాలి. దాని ధర పర్యావరణ పరిహారంలో 30 శాతానికి తగ్గకుండా, 100 శాతానికి మించకుండా ఉండాలని 2024 సవరణ నిర్దేశించింది. 2025 సెప్టెంబరులో కేంద్రం కీలక ఖనిజాల పునరుద్ధరణకు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. ఇవి హర్షణీయములే. అయితే ధ్రువపత్రం మరీ చౌకైతే, నిబంధనలు పాటించే కర్మాగారం నిలువలేదు. రాగి, అల్యూమినియం వొలుచుకొని మిగిలినది పారవేసేవాడే నిలుస్తాడని మా అభిప్రాయం.

మా ల్యాప్‌టాప్ బ్యాటరీ మొనలకు టేపు అంటించి, అమ్మిన దుకాణం వారి సేకరణ పెట్టెలోనే వేసివచ్చాము. ఒక్క రూపాయి రాలేదు. మీ ఇంటి సొరుగులోని పాత ఫోనుకు కూడా చెత్తబుట్ట కాక అదే మార్గమని గృహిణులకు, పిల్లలకు మా మనవి.