ఓడ దిగినవాడు, బోనెక్కినవాడు

జోసెఫ్ కాన్రాడ్ 1900లో వెలువరించిన 'లార్డ్ జిమ్' నవల ఒక పిరికివాడి కథ అని తేల్చేసేవాళ్లున్నారు. ఆ తీర్పు నాకు మింగుడుపడదు. 800 మంది యాత్రికులను నిద్రలోనే వదిలేసి, ఇక మునుగుతుందనుకున్న పట్నా ఓడ మీంచి ఆ ఓడ అధికారుల్లో ఒకడైన జిమ్ పడవలోకి దూకాడు. అది పిరికితనమే, వెనకేసుకు రావడానికేమీ లేదు. చుక్కాని పట్టిన ఇద్దరు మలయ్ నావికులు మాత్రం ఎవరూ చెప్పకపోయినా చక్రం వదల్లేదు. తీరా చూస్తే ఓడ మునగనే లేదు. విచారణ అనగానే కెప్టెన్ బండెక్కి ఉడాయించాడు, ఇంజనీర్లిద్దరూ ఆసుపత్రిలో చేరారు. ఊరంతా చూస్తుండగా బోనులో నిలబడింది జిమ్ ఒక్కడే. సర్టిఫికెట్ పోతుందని, ఇక ఏ ఓడలోనూ కొలువు దొరకదని తెలిసే నిలబడ్డాడు. అతని మీద తీర్పు చెప్పడానికి కూర్చున్నవాళ్లలో బ్రయర్లీ ఒకడు. సముద్రంలో ప్రాణాలు కాపాడి బహుమతులందుకున్న మొనగాడు. విచారణ ముగిసిన కొద్ది రోజులకే అతనే తన ఓడ మీంచి దూకి ప్రాణం తీసుకుంటాడు. తుపానుకు జంకని గుండె తనను తాను తరచి చూసుకోలేకపోయిందన్నమాట. చివర్లో జిమ్ ఆయుధం లేకుండా, కొడుకును పోగొట్టుకున్న నాయకుడు డోరామిన్ తుపాకీకి ఎదురెళ్లడాన్నే చాలామంది సాహసమంటారు. నన్నడిగితే అందులో పరువు పట్టింపు పాలే ఎక్కువ. తనను నమ్ముకున్న ప్రియురాలు జ్యుయెల్‌ను నట్టేట ముంచి మరీ వెళ్లాడు. చావడానికి ఒక్క క్షణం తెగింపు చాలు. చేసిన తప్పును నలుగురి ముందు ఒప్పుకుని, ఆ మచ్చతోనే బతకడానికి రోజూ ధైర్యం కావాలి. జిమ్‌ను వీరుడనాలంటే ఆ కోర్టుగదిని చూసే అనాలి.